వాహనంలో ఉంచే రైఫిలు, ఉప్పుగాలి, తుప్పు: తడ పరిసరాలు

తుపాకీ ఇంట్లో ఇనప్పెట్టెలో ఉన్నా, జీపులో తిరుగుతున్నా ఉక్కు ఒకటే. తుప్పు పట్టే వేగం మాత్రం ఒకటి కాదు. వాహనంలో ఉండే రైఫిలు రోజుకు ఒకసారైనా వేడెక్కి చల్లారుతుంది, దుమ్ము తింటుంది, చెమట చేతులు మారుతుంది. అది సముద్రతీరపు వాహనమైతే వీటన్నిటికీ ఉప్పు తోడవుతుంది. ఆయుధ సంరక్షణ గురించి రాసే పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల వాళ్లవి. అక్కడి భయం మంచు, వాన. మన తూర్పుతీరంలో అసలు శత్రువు కంటికి కనబడని తేమ.

తిరుపతి జిల్లా ఆగ్నేయ మూలన, తమిళనాడు సరిహద్దును ఆనుకుని, పులికాట్ సరస్సు పడమటి దిక్కున ఉన్న తడ ఈ సంగతి తెలుసుకోవడానికి తగిన చోటు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి, చెన్నై–గూడూరు రైలుమార్గం రెండూ ఇక్కడి మీదుగానే పోతాయి. ఆంధ్ర వైపు భీమునివారిపాలెం చెక్‌పోస్టు దాటితే ఆరంబాకం, అక్కడినుంచి తమిళనాడు. ఈ దారిలో ఆయుధం వాహనంలో కనిపించడం వింతేమీ కాదు. నాయకుల వెంట గన్‌మెన్లు, ఖైదీలను తీసుకెళ్లే ఎస్కార్టు పోలీసులు, ఏటీఎంలకు డబ్బు మోసే క్యాష్ వ్యాన్ల కాపలాదారులు, సరస్సుకు అవతల శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రానికి పహరా కాసే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం వాళ్లు, ఎప్పుడైనా తమ తుపాకీని ఒకచోటినుంచి మరోచోటికి చేర్చుకునే లైసెన్సుదారులు. వీళ్లందరికీ సమస్య ఒకటే.

ఆ సమస్యకు జవాబుగా చాలామంది వెతికేది మంచి నూనె కోసం. నూనె అవసరమే, కాని అది రెండో మాట. ఉక్కు రోజులో ఎన్ని గంటలు తడిగా ఉంటోందన్నది మొదటి మాట. ఆ గంటలు తగ్గకపోతే ఎంత ఖరీదైన నూనె పూసినా లాభం తక్కువ.

ఉప్పు ఎక్కడినుంచి వస్తుంది

స్థానికులు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్, ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఆటుపోట్లను బట్టి దాని విస్తీర్ణం సుమారు 250 నుంచి 460 చదరపు కిలోమీటర్ల దాకా మారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, ఆరణి, స్వర్ణముఖి నదులు మంచినీళ్లు తెచ్చిపోస్తాయి. అప్పుడు సరస్సు చప్పబడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు ఇగిరి, కొన్నిచోట్ల సముద్రం కన్నా ఉప్పనవుతుంది. ఉత్తరపు వైపు నేల ఆరిపోయి తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. గాలి లేస్తే ఆ ఉప్పుమట్టే దుమ్ము.

సముద్రపు అలల తుంపర్లలోని ఉప్పు చాలావరకు ఒడ్డునుంచి కొన్ని వందల మీటర్లలోపే నేల మీద పడిపోతుంది. ఆ లెక్కన సముద్రానికీ తడకూ మధ్య శ్రీహరికోట దీవి, సరస్సు అడ్డున్నాయి గనక తడకు భయం లేదనిపించవచ్చు. కాని వాహనం తడలోనే ఉండిపోదు కదా. సూళ్లూరుపేటనుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ వెళుతుంది. వానాకాలంలో రెండు పక్కలా నీళ్లు, వేసవిలో రెండు పక్కలా ఉప్పుచెల్క. ఆ దారిన పోయివచ్చిన జీపు అడుగున, తలుపు సందుల్లో, కాళ్లకింది మ్యాట్ల మీద ఏముందో నాలుకతో చూడక్కర్లేదు. చెప్పులతో లోపలికి వచ్చిన మట్టి అక్కడే ఉండిపోయి, రైఫిలు నిలబెట్టినప్పుడు దాని బట్టుకింది ఇనపపట్టీకి అంటుకుంటుంది.

ఉప్పు చేసే పని రెండు రకాలు. మొదటిది తేమను లాగడం. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో దానితో పాటు ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలు. తీరంలో గాలి అంతకన్నా పొడిగా ఉండే వేళలు అరుదు. అంటే, సముద్రపు ఉప్పు పొర ఉన్న ఉక్కు మనకు పొడిగా కనిపిస్తున్నా, సన్నటి నీటిపొర కింద ఉన్నట్టే లెక్క. రెండోది, ఆ నీటిపొర గుండా విద్యుత్తు సులువుగా పోయేలా చేయడం. తుప్పు అంతా చిన్నచిన్న విద్యుత్ ఘటాల పనే కాబట్టి, ఉప్పు చేరితే అది పరుగందుకుంటుంది.

లోహక్షయాన్ని కొలిచేవాళ్లు ‘తడిగా ఉండే కాలం’ అని ఒక లెక్క కడతారు. గాలిలో తేమ 80 శాతం దాటిన గంటలన్నీ ఏడాదికి ఎన్నని. ఈ లెక్క మీద, ఉప్పు, గంధకపు వాయువుల మోతాదు మీద ఆధారపడి ఐఎస్ఓ 9223 ప్రమాణం వాతావరణాలను తరగతులుగా విడగొట్టింది. అన్నిటికన్నా సౌమ్యమైన సీ1లో మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో కోల్పోయేది 1.3 మైక్రాన్లకు మించదు. సీ5లో అది 80 నుంచి 200 మైక్రాన్ల దాకా. 200 మైక్రాన్లంటే మిల్లీమీటరులో ఐదో వంతు. వంతెనకు అది పెద్ద లెక్క కాకపోవచ్చు. రైఫిలు గొట్టంలోపలి మెలికల గాళ్ల లోతు మాత్రం మిల్లీమీటరులో పదో వంతు పైచిలుకు ఉంటుంది, అంతే. మన దేశంలో ఈ రంగానికి పెద్దదిక్కు తమిళనాడులో కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనాలయం. 1948లో పునాదిరాయి పడిన ఈ సంస్థ దేశం మొత్తానికి లోహక్షయ పటాలు తయారుచేసింది.

ఢిల్లీ ఇనుపస్తంభం పదహారు వందల ఏళ్లుగా నిలిచి ఉందని గర్వంగా చెప్పుకుంటాం. అందులోని ఎక్కువ భాస్వరం, దానివల్ల ఏర్పడిన రక్షణపొర కారణమని కాన్పూరు ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు. ఢిల్లీ పొడిగాలి కూడా దానికి కలిసొచ్చింది. సముద్రానికి దగ్గరలోని కోణార్క ఆలయపు ఇనుపదూలాలు అదే దేశం, అలాంటి పనివాళ్లే అయినా తుప్పు తిన్నాయి.

ఒక్క చుక్క కింద జరిగేది

ఇనుము, నీరు, ప్రాణవాయువు మూడూ కలిస్తేనే తుప్పు. ఏ ఒక్కటి లేకపోయినా రాదు. కేంబ్రిడ్జిలో ఉలిక్ ఎవాన్స్ చేసిన ప్రయోగం ఈ రంగంలో పాఠమైపోయింది. ఉక్కురేకు మీద ఒక ఉప్పునీటి చుక్క పెడితే తుప్పు అంచున కాదు, చుక్క నడిమధ్య మొదలవుతుంది. అంచుకు గాలి అందుతుంది, మధ్యకు అందదు. గాలి అందని చోటు కరిగిపోతుంది, కరిగిన ఇనుము బయటికొచ్చి గాలి తగిలినచోట ఎర్రటి వలయంగా పేరుకుంటుంది.

రైఫిలు మీద ఎక్కడ చూడాలో ఈ ప్రయోగమే చెబుతుంది. బయటికి కనిపించే నున్నటి గొట్టం కాదు, గాలి ఆడని సందులు. కర్రభాగం గొట్టాన్ని తాకే గీత, సైటు కింద, స్లింగు కొక్కెం చుట్టూ, మరమేకుల తలల్లో, మ్యాగజైను స్ప్రింగు మడతల్లో, బోల్టు ముఖాన. బయట మెరుస్తూ ఉండి, కర్ర విప్పితే లోపల గుంటలు పడిన పాత తుపాకులను, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్లు అందరూ చూసే ఉంటారు.

ఇంకో చిక్కు, ఉప్పులోని క్లోరైడు ఈ పనిలో ఖర్చయిపోదు. ఒకసారి ఇనుమును కరిగించి, తిరిగి విడుదలై మళ్లీ అదే పనికి దిగుతుంది. అందుకే ఉప్పు కడగకుండా తుప్పు మీదే నూనె పూస్తే, నూనెకింద తుప్పు నిశ్చింతగా పెరుగుతుంది.

వాహనం లోపలి వాతావరణం

వాహనాన్ని కదిలే గది అనుకుంటాం. తేమ విషయంలో అది మూతపెట్టిన ఇడ్లీపాత్రకు దగ్గర. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి బయటికన్నా ఎంతో ఎక్కువ. ఆ వేడికి తడిమ్యాట్లలోని, సీటుగుడ్డలోని, సగం తాగి వదిలేసిన సీసాలోని నీరు ఆవిరై లోపలే నిలుస్తుంది. సాయంత్రం కారు పైకప్పు, అద్దాలు చల్లబడతాయి. ఆవిరి మళ్లీ నీరై దొరికిన చల్లటి లోహం మీద వాలుతుంది. పొద్దున్నే అద్దం లోపలివైపు తుడుచుకునే డ్రైవరుకు ఇది తెలిసిన సంగతే. డిక్కీలో ఉన్న తుపాకీకి మాత్రం ఆ గుడ్డ తగలదు.

ఈ వ్యవహారమంతా మంచుబిందు ఉష్ణోగ్రత అనే ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. 35 డిగ్రీల వేడిలో 60 శాతం తేమ ఉన్న గాలికి ఆ అంకె సుమారు 26 డిగ్రీలు. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న గాలికీ దాదాపు అదే. అంటే తడలో మామూలు రోజున 26 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ లోహం మీదైనా చెమట పడుతుంది.

దీనివల్ల ఏసీ బండికి ఒక విచిత్రమైన దోషం అంటుకుంది. ఏసీ నడుస్తున్నంతసేపూ లోపలి గాలి పొడిగానే ఉంటుంది, తుపాకీకి మేలే. చెన్నైనుంచి 22 డిగ్రీల చల్లదనంలో వచ్చి, తడలో తలుపు తీసి రైఫిలు చేతిలోకి తీసుకున్న మరుక్షణం దానిమీద తేమ పడుతుంది. గొట్టంలోపల కూడా పడుతుంది, అది కనబడదు. పెళ్లి ఫోటోలు తీసేవాళ్లు చలిహాలునుంచి బయటికి రాగానే కెమెరా సంచి తెరవరు. ఇక్కడా అదే పద్ధతి. ఆయుధాన్ని సంచిలోనే అరగంటో గంటో ఉంచి, బయటి వేడికి వచ్చాక తెరవాలి. విధి నిర్వహణలో ఉన్న గన్‌మెన్‌కు ఆ వెసులుబాటు ఉండదు. ఆయన చేయగలిగింది, బండిని మరీ చల్లగా పెట్టవద్దని చెప్పడం, దిగిన వెంటనే ఒకసారి, రాత్రి తిరిగివచ్చాక ఒకసారి తుడవడం.

రైఫిలును పట్టి ఉంచే సరంజామా కూడా చూసుకోవాలి. పోలీసు బండ్లలో గొట్టాన్ని పట్టే క్లిప్పులకు మెత్తగా ఉండాలని ఫెల్టు గుడ్డ అంటిస్తారు. అది చెమటనూ ఉప్పునూ పీల్చి, సరిగ్గా ఒకే చోట గొట్టానికి ఆనించి ఉంచుతుంది. రబ్బరు నయం. తోలు కవరు అన్నిటికన్నా ప్రమాదం. తోలు పదునుపెట్టేటప్పుడు వాడిన ఉప్పులు, ఆమ్లాలు అందులో మిగిలి ఉంటాయి, తేమనూ పట్టి ఉంచుతాయి. స్పాంజి మెత్తలున్న ప్లాస్టిక్ పెట్టెలు చూడటానికి దర్జాగా ఉంటాయి. తడిచిన రైఫిలును అందులో పెట్టి మూస్తే స్పాంజి తాగిన నీరు వారాలపాటు ఆరదు. ఇవన్నీ మోసుకెళ్లడానికి పుట్టినవి, దాచి ఉంచడానికి కాదు. కాన్వాసు సంచి నీళ్లు తాగుతుంది, ఎండలో వేస్తే ఆరుతుంది కూడా. ఆ రెండో గుణం వల్ల నేను దానివైపే మొగ్గుతాను.

గొట్టం మూతికి గుడ్డముక్క కుక్కడం పాత అలవాటు. లోపలికి దుమ్ము పోదన్నది నిజమే. లోపలి తేమ బయటికి పోదన్నదీ నిజమే. తీయడం మరిచి పేలిస్తే గొట్టం పగిలి మనిషి పోతాడన్నది వీటన్నిటికన్నా పెద్ద నిజం. వదులుగా ఉండి కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే ప్లాస్టిక్ టోపీ మేలు.

ఈ తీరంలో పాత కథ

ఉప్పుగాలికీ ఆయుధాలకూ ఈ సరస్సు ఒడ్డున నాలుగు వందల ఏళ్ల పరిచయం ఉంది. సరస్సు దక్షిణపు కొసన, ఇప్పటి తమిళనాడు వైపు పులికాట్‌లో డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. అక్కడ వాళ్లు నడిపిన తుపాకీమందు కర్మాగారం తూర్పుదీవుల్లోని వాళ్ల స్థావరాలకు సరుకు పంపేది. ఉత్తరాన దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్లు 1626 ప్రాంతంలో స్థావరం పెట్టి ఫిరంగులు అమర్చుకున్నారు. వాళ్ల రాతల్లో అది ఆర్మగాన్. అక్కడి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి చూపు తిప్పి మద్రాసుకు స్థలం సంపాదించాడు.

ఆ కాలపు నల్ల తుపాకీమందు తేమకు బానిస. శుద్ధి సరిగా కాని సూరేకారం గాలిలోని నీటిని లాగుతుంది. పేలాక గొట్టంలో మిగిలే మసి అంతకన్నా ఎక్కువ లాగుతుంది. ఆ మసికి మందు నూనె కాదు, నీళ్లు. వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె. చిత్తూరు అడవి అంచు ఊళ్లలో అప్పుడప్పుడూ పోలీసులకు దొరికే నాటుతుపాకులు ఇప్పటికీ ఆ నల్ల తుపాకీమందువే. వాటి గొట్టాల లోపల కనిపించే గుంటలు చాలావరకు ఈ మసి పుణ్యమే.

పొగలేని మందు వచ్చాక కూడా ఈ బెడద పూర్తిగా పోలేదు. పాత .303 తూటాల క్యాపుల్లో పొటాషియం క్లోరేటు ఉండేది. కాలాక అది పొటాషియం క్లోరైడుగా, అంటే దాదాపు ఉప్పుగా గొట్టంలో మిగిలేది. అందుకే బ్రిటిష్ సైన్యంలో కాల్పులు ముగిశాక గరాటు పెట్టి గొట్టంలో మరిగే నీళ్లు పోసేవాళ్లు. ఉప్పును నూనె కరిగించలేదు, నీళ్లే కరిగిస్తాయి. ఇషాపూర్ రైఫిలు కర్మాగారంలో తయారైన .303లు మన పోలీసు స్టేషన్లలో దశాబ్దాలు కాపలా కాశాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు వాటికి వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవం నాడు. పాత తూటాలు ఎక్కడైనా వాడితే పాత పద్ధతిలోనే కడగాలి.

ఉక్కు మీది పూతలు

తుపాకీ మీది నల్లటి నీలిరంగు, అంటే బ్లూయింగ్, రంగు కాదు. కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపి 140 డిగ్రీల పరిసరాల్లో మరిగించిన ద్రావణంలో ఉక్కును ముంచితే పైపొర మాగ్నటైటుగా మారుతుంది. అది కూడా ఇనుపఆక్సైడే. చాలా పలుచన, సూక్ష్మమైన రంధ్రాలున్నది. నూనెను పట్టి ఉంచడమే దాని అసలు ప్రయోజనం. నూనె లేని బ్లూయింగును నమ్మి ఉప్పుగాలిలో వదిలేస్తే వారంలో ఎర్రమరకలు తేలతాయి. ఫాస్ఫేటు పూత బూడిదరంగులో గరుగ్గా ఉంటుంది, ఇంకా ఎక్కువ నూనె తాగుతుంది. సైనిక ఆయుధాలకు అందుకే అది నచ్చింది. గొట్టం లోపల క్రోమియం పూత ఉన్న రైఫిళ్లు తీరప్రాంతంలో మన్నుతాయి. ఏకే రకం ఆయుధాలకు ఆ పూత ఉంటుంది. స్టెయిన్‌లెస్ గొట్టమైనా నిశ్చింత లేదు. గొట్టాలకు వాడే రకానికి క్లోరైడు తగిలితే గుంటలు పడతాయి.

నూనెలు, వాటి మీద నమ్మకాలు

కొబ్బరినూనె, ఆముదం, నువ్వులనూనె ఏవి చేతికందితే అవి తుపాకీకి పూసిన కాలం ఒకటుంది. వృక్షతైలాలు గాలి తగిలి పులుస్తాయి, ఆమ్లమవుతాయి, బంకగా మారి బోల్టును పట్టేస్తాయి. కొబ్బరినూనె మాగిన దీపపు కుందెను తోమినవాళ్లకు ఆ బంక ఎలాంటిదో తెలుసు. కిరసనాయిలు మురికి కడగడానికి పనికొస్తుంది, కాపలాకు పనికిరాదు. ఆరిపోయాక ఉక్కు బోడిగా మిగులుతుంది.

డబ్బాలో వచ్చే డబ్ల్యూడీ-40 గురించి ఒక మాట. 1953లో అమెరికాలో శాన్‌డియేగోలోని రాకెట్ కెమికల్ కంపెనీ దాన్ని తయారుచేసింది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా నీటిని తోసేయడానికి వాడారు. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని ఆ అంకె. రాకెట్లు ఎగిరే ఊరి పక్కన రాకెట్టు కోసం పుట్టిన ద్రవం దొరకడం ముచ్చటే. వానలో తడిసిన రైఫిలు సందుల్లోంచి నీటిని తోలడానికి అది నిజంగానే మంచిది. కాని దాని పొర పలుచన, నెలల తరబడి నిలవదు. నీటిని తోలాక తుడిచేసి, అసలైన గన్ ఆయిలు పూయాలి.

రోజూ వాడే ఆయుధానికి పలుచటి ఖనిజనూనె, అందులో తుప్పును అడ్డుకునే రసాయనం కలిసినది, గుడ్డతో రాసినంత చాలు. కారేలా పోస్తే దుమ్ము అంటుకుని ఉప్పుపేస్టు అవుతుంది, కర్రలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. నెలలకొద్దీ కదలని ఆయుధానికి గ్రీజు, లేదా ఆవిరితో రక్షించే వీసీఐ కాగితం. ఈ కాగితంలోని పదార్థం మెల్లగా ఆవిరై లోహం మీద కంటికి కనబడని పొరగా వాలుతుంది. 1940ల్లో షెల్ కంపెనీ పరిశోధకులు రూపొందించిన పద్ధతి ఇది. మూసిన పొట్లంలోనే పని చేస్తుంది. రోజూ తెరిచే జీపు పెట్టెలో వేసి ఏడాదికి భద్రం అనుకోవడం దండగ.

పూసే ముందు క్రమం తప్పకూడదు. మ్యాగజైను తీసి, చాంబరు ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాకే మిగతా పని. ఉప్పు తగిలిన భాగాలను మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడవాలి. నీళ్లంటే భయపడి ఈ మెట్టు వదిలేసేవాళ్లే ఎక్కువ. తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. పుల్‌త్రూ తాడుకు చిందీ, అంటే పోలీసులు వాడే ఫ్లానెల్ పీలిక కట్టి గొట్టం లోపల లాగాలి. మొదట పొడిది, చివర నూనెది. మళ్లీ కాల్చబోయే ముందు ఆ నూనెను పొడిచిందీతో తీసేయాలి. నూనె నిండిన గొట్టంలో కాల్పు ఒత్తిడిని పెంచుతుంది.

పెట్టెలోని గాలి

సిలికా జెల్ పొట్లాలు వేస్తే చాలనుకునేవాళ్ల కోసం చిన్న లెక్క. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీరు ఉంటుంది. 50 లీటర్ల తుపాకీ పెట్టెలో గ్రామున్నర కూడా ఉండదు. సిలికా జెల్ తన బరువులో ఐదో వంతు నీటిని సులువుగా పట్టుకుంటుంది కనుక 50 గ్రాముల పొట్లం ఒకటి ఆ పెట్టెకు ధారాళం. పెట్టెకు రబ్బరు అంచు బిగుతుగా ఉంటేనే ఈ మాట. గాలి దూరే పెట్టెలో అదే పొట్లం సరస్సును ఎండగట్టడానికి పూనుకున్నట్టు రెండు రోజుల్లో నిండిపోతుంది. రంగు మారిన జెల్‌ను 120 డిగ్రీల పరిసరాల్లో వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది.

కాల్చిన సున్నం కూడా తేమను గట్టిగానే లాగుతుంది. పులికాట్ అడుగున దొరికే గుల్లలతో సున్నం కాల్చడం ఈ ప్రాంతానికి తెలిసిన వృత్తి. కాని సున్నపు పొడి ఎగిరి ఆయుధం మీద పడితే తుడవలేక చావాలి. నీరు తగిలితే వేడెక్కుతుంది కూడా. బండిలో దానికి చోటు లేదు.

స్టేషన్లలో ఆయుధాలు దాచే గదిని ఆంధ్ర పోలీసులు బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. అలాంటి గదిలో వేడిమి నాలుగైదు డిగ్రీలు పెంచగలిగినా తేమ శాతం గణనీయంగా పడిపోతుంది. 25 డిగ్రీల్లో 90 శాతం తేమ ఉన్న గాలిని 35 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 51 శాతానికి దిగుతుంది, నీరు ఒక్క చుక్క తీయకుండానే. బీరువాలో చిన్న వేడికడ్డీ పెట్టడం వెనక ఉన్న సూత్రం ఇదే. వాహనంలో ఈ సౌకర్యం అసాధ్యం. డ్యూటీ అయ్యాక ఆయుధం బండిలోంచి గదికి చేరాలన్న నియమం దొంగల భయంతో పుట్టినా, తుప్పునుంచి కాపాడేదీ అదే.

దసరా, ఎన్నికలు, తుపాను

ఆయుధపూజ వచ్చే కాలం గమనించదగ్గది. విజయదశమికి పోలీసు ఆర్ముడు రిజర్వులో తుపాకులన్నీ విప్పి, తుడిచి, నూనె పెట్టి, వరసగా పేర్చి పూజ చేస్తారు. ఈశాన్య రుతుపవనాలు తీరాన్ని తాకేదీ ఆ రోజుల్లోనే. వానలకు ముందు సంపూర్ణ సంరక్షణ అన్న పని పండగ పేరుతో జరిగిపోతుంది. తడికుంకుమ బొట్టు మాత్రం మర్నాడు తుడిచేయాలి. దానికింద నూనె ఉండదు, తేమ ఉంటుంది.

లైసెన్సు తుపాకులకు మరో గండం ఎన్నికలు. నియమావళి అమల్లోకి రాగానే చాలామంది లైసెన్సుదారులు ఆయుధాలను పోలీసులకు జమచేయాల్సి వస్తుంది. 2024లో షెడ్యూలు మార్చి 16న వచ్చింది, రాష్ట్రంలో పోలింగు మే 13న, లెక్కింపు జూన్ 4న. అంటే ఎండలు, సముద్రపు గాలులు కలిసే రెండున్నర నెలలకు పైగా తుపాకీ యజమాని చేతిలో ఉండదు. అప్పగించే ముందు గొట్టం లోపలా బయటా గ్రీజు పట్టించి, తోలు కవరు ఇంట్లోనే వదిలేసి, గుడ్డసంచిలో ఇవ్వడం తెలివైన పని. రసీదు మీద నంబరుతో పాటు ఆయుధం పరిస్థితి కూడా రాయించుకోవాలి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు రోజుల్లో చెన్నైనుంచి నెల్లూరు దాకా కుండపోత. అలాంటప్పుడు బండి నీట మునిగితే లోపలి ఆయుధాన్ని ‘ఎండాక చూద్దాం’ అని వదలకూడదు. వీలైనంత వెంటనే విప్పి మంచినీళ్లతో కడిగి, నీటిని తోలే ద్రవం కొట్టి, ఆరబెట్టి, నూనె పెట్టాలి. వరదనీటిలో ఉప్పు కలిసి ఉంటే ఒక్క రాత్రే చాలా ఎక్కువ.

చట్టం గీసిన గీత

అమెరికాలో పికప్ బండిలో ఎప్పుడూ ఒక రైఫిలు పడి ఉండటం కొన్ని రాష్ట్రాల్లో మామూలు, తుప్పు గురించిన సలహాల్లో సగం ఆ అలవాటునుంచి వచ్చినవే. మన దగ్గర ఆ మాటే లేదు. 1959 ఆయుధాల చట్టం, 2016 నియమాల ప్రకారం ఆయుధాన్ని భద్రంగా తాళంలో ఉంచడం లైసెన్సుదారు బాధ్యత. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారుకు రెండు తుపాకులకు మించి ఉండకూడదు. మనిషి లేని కారులో వదిలేసిన తుపాకీ పోతే లైసెన్సుకే ఎసరు. తడలాంటి సరిహద్దు ఊళ్లో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. లైసెన్సులో రాసిన పరిధి రాష్ట్రం వరకే అయితే భీమునివారిపాలెం దాటి ఆయుధంతో పోవడం నేరం.

తుప్పు కనిపించాక

ఎర్రటి పొడిలా పైపైన ఉంటే నూనెలో ముంచిన అతిసన్నని ఉక్కుపీచుతో మెల్లగా రుద్దితే పోతుంది, బ్లూయింగు చాలావరకు నిలుస్తుంది. గరుకు కాగితం పెడితే తుప్పుతో పాటు పూతా పోయి, మరుసటి వానకు రెట్టింపవుతుంది. ఇత్తడి చెంబులకు అలవాటైన చేతులు చింతపండు వైపు పోతాయి. చింతపండైనా, వెనిగరైనా, నిమ్మరసమైనా ఆమ్లం బ్లూయింగును నిమిషాల్లో కరిగిస్తుంది. విప్పగలిగిన చిన్న భాగాలను శుభ్రమైన నీటిలో మరిగిస్తే ఎర్రటి తుప్పు నల్లటి మాగ్నటైటుగా మారుతుంది. పాత తరం తుపాకీ పనివాళ్లు గొట్టాలకు నల్లరంగు తెప్పించింది ఈ పద్ధతిలోనే, తుప్పు పట్టించి, మరిగించి, రుద్ది, మళ్లీ పట్టించి.

గొట్టం లోపల గుంటలు పడితే ఇంట్లో చేసేదేమీ లేదు. గాళ్లు తిన్న గొట్టం గురి తప్పుతుంది. చాంబరులో గుంటలుంటే పేలిన తూటా తొడుగు ఉబ్బి అందులో ఇరుక్కుని బోల్టు తెరుచుకోదు. పోలీసు ఆయుధమైతే ఆర్మరర్ దాన్ని పరీక్షించి వాడకంలోంచి తప్పిస్తాడు. ప్రైవేటు తుపాకీని మరమ్మతుకు ఇవ్వాలంటే లైసెన్సున్న తుపాకీ వ్యాపారికే ఇవ్వాలి. ఊరి వెల్డరు దగ్గరికో లేతు మిషను షాపుకో తీసుకెళ్లడం చట్టవిరుద్ధం. పైగా వెల్డింగు వేడికి గొట్టం ఉక్కు పదును దిగిపోతుంది, ఆ తర్వాత ఆ తుపాకీ పేల్చేవాడికే ముప్పు.